వెలగని రెండు పిచ్చుకలు

స్టోరు గది కిటికీకి గోనెపట్టా కట్టి, తలుపు మూసి, నల్లదీపం స్విచ్చి వేశాను. బల్లమీద పిల్లలు చేసిన నలభై రెండు పిచ్చుక బొమ్మలున్నాయి. నలభై ఆకుపచ్చగా వెలిగాయి. రెండు వెలగలేదు.

పిల్లలు ముందు నోళ్ళు తెరిచారు. తరవాత నవ్వారు.

"టీచర్, మూడో బెంచీకి కరెంటు పోయింది," అన్నాడు వెనకనుంచి ఎవడో.

మూడో బెంచీలో కూర్చునేది మా అమ్మాయి తన్మయి, దాని మేనత్త కూతురు సాహితి. ఇద్దరూ ఎనిమిదో తరగతి. నేను ఆ తరగతికి లెక్కలు చెబుతాను. శనివారం చివరి పీరియడు చేతిపని కూడా నాదే.

"మీరిద్దరూ పొడి సరిగా కలపలేదు," అన్నాను.

"కలిపామమ్మా."

"క్లాసులో టీచర్ అనాలి."

"కలిపాం టీచర్. చేతులు నొప్పెట్టేదాకా పిసికాం. ఇద్దరం ఒకే ముద్ద పిసికి చెరిసగం చేసుకున్నాం."

"పిసికినంతసేపూ కబుర్లు చెప్పుకుని ఉంటారు."

"నాది సరే టీచర్," అంది సాహితి. "ఇది చేసింది అసలు పిచ్చుకే కాదు. కప్ప. తోక చూడండి."

తన్మయి దాని జడ పట్టుకు లాగింది. నేను ఇద్దరికీ పదికి ఆరేసి మార్కులు వేశాను.

మాది కొయ్యబొమ్మలు చేసే ఊరు. తేలిక కర్రను చెక్కి, చేతులూ తోకలూ విడిగా చేసి, మక్కుతో అతుకుతారు. చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపి ఉడికించిన ముద్దనే మక్కు అంటారు. ఆ యేడు జిల్లా ప్రదర్శనకి మక్కుతోనే పిచ్చుకలు చేయించాను. అందులో కలపడానికి పొడి పంపింది మా చెల్లెలు వాసంతి.

వాసంతి నగరంలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. బోరు నీళ్ళలో లోహాలుంటే పట్టివ్వడానికి వాళ్ళొక పొడి తయారుచేశారు. మామూలు వెలుతురులో మైదాపిండిలా ఉంటుంది. నల్లదీపంలోంచి వచ్చే, కంటికి ఆనని ఊదారంగు కాంతి పడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. నీళ్ళలో లోహం ఉంటే ఆ వెలుగు ఆరిపోవాలి. కానీ ఒక విడతలో పొడి మరీ సున్నితంగా తయారైంది. మంచినీళ్ళకి కూడా వెలుగు తగ్గిపోతోందని దాన్ని పక్కన పెట్టేశారు. పారబొయ్యడం ఎందుకని వాసంతి మూడు నాలుగు బడులకి పంచింది. వెలుగు కొంచెం తగ్గినా బొమ్మలకి నష్టమేముందనుకుంది.

పొడితోపాటు చేతితొడుగులు కూడా పంపింది. పొడిని ఊదవద్దని, కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని కాగితంమీద రాసింది. గుడ్డలు కట్టించాను. తొడుగులు మాత్రం తీయించేశాను. మా వీధిలో మక్కుని ఎవరూ తొడుగులేసుకుని పిసకరు. ముద్ద ఎప్పుడు సిద్ధమైందో చేతికి తెలియాలి.

ప్రదర్శన సోమవారం. పిల్లలు వెళ్ళిపోయాక నేను బడిలో ఉండిపోయాను. బొమ్మలు చేసే ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పిల్లలు చేసిన బొమ్మలో లోపముంటే దాన్ని అలాగే గడప దాటనివ్వరు. పెద్దవాళ్ళు ఆఖరి చెయ్యి వేస్తారు. పిల్లలకి ఆ సంగతి చెప్పరు. మా నాన్న నా బొమ్మలకి అలాగే వేసేవాడు. నేను పెద్దయ్యేవరకూ ఆ ముక్కులూ కళ్ళూ నావే అనుకున్నాను.

కొత్త మక్కులో పొడి బాగా కలిపి, ఆ రెండు పిచ్చుకలమీదా పలచగా పూశాను. వంకర తోక కూడా కొంచెం సరిచేశాను. ఆరాక మళ్ళీ దీపం వేసి చూశాను. నలభై రెండూ వెలిగాయి.

మాకు జిల్లాలో రెండో బహుమతి వచ్చింది. పిచ్చుకలు ఎవరివి వాళ్ళు ఇళ్ళకి తీసుకుపోయారు. తన్మయి తన పిచ్చుకని ఫ్రిజ్‌మీద పెట్టింది. అది జనవరి.

మార్చిలో తన్మయి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. పథ్యం పెట్టాం. నాలుగో రోజు పొట్ట ఉబ్బింది. పట్నం తీసుకెళ్ళాం. అక్కణ్ణుంచి నగరానికి పంపారు. అక్కడ, మామూలు కామెర్లే ఒక్కోసారి ఇలా ముదిరి కాలేయాన్ని తినేస్తాయి అన్నారు. కొన్ని కాగితాలమీద నేను సంతకాలు చేశాను, కొన్నిటిమీద బావ చేశాడు. బావ అంటే నా భర్తే. మా మేనత్త కొడుకు. మా వీధిలో బయటి సంబంధాలు తక్కువ.

పదకొండో రోజున తన్మయి పోయింది.

జూన్‌లో బడి తెరిచినరోజే వెళ్ళాను. కొత్త హాజరుపట్టీ రాశాను. తొమ్మిదో తరగతిలో నలభై ఒక్కమంది. పాఠం చెప్పాను. ఇంటికి వచ్చాను. అన్నం వండాను. బావ కర్ర చెక్కుతున్నాడు. ఇద్దరం తిన్నాం. ఆ నెలల గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. అన్నీ జరిగాయి. వాటిలో నేనున్నానని మాత్రం అనిపించలేదు.

ఆగస్టులో వాసంతి వచ్చింది. వంటింట్లో పీటమీద కూర్చుని, నేను బెండకాయలు తరుగుతుంటే చాలాసేపు చూసింది.

"అక్కా, ఆ పొడి సంగతి ఒకటి చెప్పాలి."

"చెప్పు."

"ఇంకో బడిలో ఒక పిల్లాడు చేసిన కుండ వెలగలేదట. వాళ్ళ టీచరు మళ్ళీ చేయించింది. వెలగలేదు. మూడోసారి చేయించింది. అప్పటికీ వెలగలేదు. ఆవిడ మాకు ఉత్తరం రాసింది. ఈ అబ్బాయి చెయ్యి తగిలితే మీ పొడి ఆరిపోతోంది, ఎందుకో చూడండి అని."

కత్తి ఆపలేదు నేను.

"మేం నవ్వుకున్నాం ముందు. తరవాత ఆ కుండ తెప్పించి చూశాం. లోపలంతా రాగి. చెమటలోంచి వచ్చింది. కొందరికి ఒంట్లో రాగి బయటికి పోదు. కాలేయంలో పేరుకుంటుంది. పైకి ఏమీ తెలీదు. ఒకరోజు ఉన్నట్టుండి కామెర్లలా బయటపడుతుంది. ఆ పిల్లాడికి రక్తం చూపిస్తే అదే. మాత్రలు వేసుకుంటున్నాడు. బాగున్నాడు."

"మాత్రలతో పోతుందా?"

"పోదు. కానీ రోజూ వేసుకుంటే మనిషి మామూలుగా బతుకుతాడు. మేనరికాలున్నచోట ఎక్కువట." మూలనున్న బిందెవైపు చూసింది. "మీరింకా రాగిబిందెలో నీళ్ళే తాగుతున్నారా?"

"ఒంటికి మంచిదని."

వాసంతి తల వంచుకుంది. "మీ బడిలో అన్నీ వెలిగాయా అక్కా?"

"అన్నీ వెలిగాయి," అన్నాను.

అబద్ధం చెబుదామని చెప్పలేదు. ప్రదర్శనలో అన్నీ వెలిగాయి. ఆ మాటే నోటికి వచ్చింది. వాసంతి ఊపిరి వదిలి, "అయితే తన్మయిది అది కాదన్నమాట" అంది. బెండకాయలు పోపులో వేశాను. తరవాత ఆ కూర ఎవరు తిన్నారో గుర్తులేదు.

ఆ తరవాత రెండు నెలలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. తన్మయికి వచ్చింది మామూలు కామెర్లే అయితే, ఎవరూ చెయ్యగలిగింది లేదు. నాకు బతకడానికి ఆ ఒక్క వాక్యం ఉంది. దాన్ని కదపలేదు.

అక్టోబరులో లెక్కల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. సాహితి పుస్తకం తెరిచాను. జూన్‌లో దాని అంకెలు గళ్ళు నిండేట్టుండేవి. పేజీలు తిప్పినకొద్దీ చిన్నవయ్యాయి. సెప్టెంబరులో సున్నా చుట్టడానికి రెండు ముక్కలుగా గీసింది. చివరి పేజీలో ఎనిమిదేదో ఆరేదో తెలియలేదు.

పిలిచి, నా ముందు ఒక లెక్క చెయ్యమన్నాను. కలం పట్టుకున్న చెయ్యి సన్నగా వణికింది.

"ఏమ్మా, రాయలేకపోతున్నావా?"

"చెయ్యి మొద్దుబారుతోందత్తా." చుట్టూ చూసి, "టీచర్" అంది.

ఆ సాయంత్రం వదిన దగ్గరికి వెళ్ళాను. వదిన బావకి అక్క, సాహితి తల్లి. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. బొమ్మల కళ్ళు దిద్దడంలో మా వీధిలో ఆమెకి సాటి లేరు. వరసగా పెట్టిన ఏనుగులకి కళ్ళు పెడుతోంది.

"రా హైమా. ఏంటి ఈ వేళప్పుడు? మా పిల్ల లెక్కలు తప్పిందా?"

చెప్పాను. పొడి గురించి, రాగి గురించి, చేతిరాత గురించి. ఆఖరి చెయ్యి సంగతి తప్ప. వదిన చేతిలో కుంచె ఆగలేదు.

"తన్మయికి కామెర్లని డాక్టరే రాసిచ్చాడు. ఇప్పుడు రాగంటున్నావు. రేపు ఇనుమంటావు."

"ఒక్కసారి రక్తం చూపిద్దాం వదినా."

"చేతిరాత బాగాలేదని రక్తం తీయిస్తారా? అలాగైతే మీ బావ ఒంట్లో చిన్నప్పుడే చుక్క మిగిలేది కాదు."

లోపల సాహితి నవ్వింది. వదిన నవ్వలేదు. కుంచె నీళ్ళలో పెట్టింది.

"హైమా, నీ కడుపుకోత నాకు తెలీదనుకోకు. అది నా చేతుల్లో పెరిగిన పిల్ల. కానీ నువ్వు దాన్ని తెచ్చి నా పిల్లమీద పెట్టకు. ఈ వీధిలో ఆ పేరు పడితే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారు? నీ దగ్గర రుజువుందా? లేదు కదా. ఇంటికెళ్ళు."

ఇంటికి వెళ్ళి వాసంతికి ఫోను చేశాను. మొత్తం చెప్పాను. శనివారం, గోనెపట్టా, నలభై, రెండు, కొత్త మక్కు.

అటునుంచి వాసంతి తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఆగస్టులో ఎందుకు చెప్పలేదక్కా?"

నా జవాబుకోసం ఆమె ఆగలేదు. గొంతు మార్చి, ప్రయోగశాలలో మాట్లాడే గొంతుతో అడిగింది. "ఇద్దరూ ఒకే ముద్ద పిసికారా?"

"ఒకే ముద్ద."

"అయితే ఎవరి చేతివల్ల ఆరిందో చెప్పలేం. ఒకరిదే కావచ్చు, ఇద్దరిదీ కావచ్చు. పంచుకున్నాక ఎవరి పిచ్చుకని వాళ్ళే వేళ్ళతో నొక్కారు కదా. నీ పూత తీసి, లోపల వేలిగుర్తుల దగ్గర ఎవరిది ఎంత ఆరిందో చూస్తే కొంత తెలుస్తుంది."

"అడుగున కొంచెం గీకితే చాలదా?"

"చాలదు. చుట్టూ నీ పూత వెలుగుతుంటే లోపలిది కూడా వెలిగినట్టే కనిపిస్తుంది. మొత్తం తియ్యాలి." తరవాత మెల్లగా, "అది ఇంకా ఇంట్లోనే ఉందా?" అంది.

ఫ్రిజ్‌మీద ఉంది. బావ రోజూ దానిమీద దుమ్ము తుడుస్తాడు.

ఒకరిదే కావచ్చు అని వాసంతి అన్నప్పుడు నా మనసులో ఒక ఆశ పుట్టింది. అదేమిటో రాయడం కష్టం, అయినా రాస్తాను. ఆ ఒకరు సాహితి అయితే బాగుండుననుకున్నాను. అప్పుడు తన్మయివి వట్టి కామెర్లే అవుతాయి. బతికున్న పిల్లకి జబ్బు కోరుకున్నాను. పూర్తిగా ఒక రాత్రీ ఒక పగలూ.

ఆదివారం పొద్దున బావ ఉలి నూరుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను.

"బావా, తన్మయి పిచ్చుక వెలగలేదు. నేను పైన పూశాను."

"ఎప్పుడు?"

"ప్రదర్శనకి ముందు. జనవరిలో."

అది ఎందుకు చెబుతున్నానో అతనికి ముందు తెలియలేదు. రాగి సంగతి చెప్పాను. మాత్రల సంగతి చెప్పాను. అతను వేళ్ళు మడిచాడు. "జనవరి, ఫిబ్రవరి," అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. చాలాసేపు ఉలి నూరాడు. ఆ ఉలికి అంత నూరడం అక్కర్లేదు.

"అక్కని నేను తీసుకొస్తాను," అని లేచాడు.

మధ్యాహ్నం రెండింటికి మా సామాన్ల గదిలో కూర్చున్నాం. కిటికీకి దుప్పటి కట్టాం. ఆ పొద్దున నగరంనుంచి వచ్చిన వాసంతి నల్లదీపం తెచ్చింది. వదిన గుమ్మం దగ్గరే నిలబడింది. చేతిలో సాహితి పిచ్చుక ఉంది. కొంగు చాటున పట్టుకుంది. సాహితి ఆమె వెనకాల ఉంది.

"వీడు కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాడని వచ్చాను," అంది వదిన. "ఒట్టి మాటలని తేలితే మళ్ళీ నా గడప తొక్కకు హైమా."

"అలాగే వదినా."

బావ చెయ్యి చాచాడు. "నేను తీస్తాను."

"పూసింది నేను," అన్నాను.

ఉలి తీసుకున్నాను. మక్కు ఆరితే రాయిలా ఉంటుంది. పై పొర ఎక్కడ ఆగుతుందో, కింది పొర ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలియాలి. నాన్న నేర్పాడు. నాకు తెలుసు. అయినా మొదటి దెబ్బ లోతుగా దిగింది. వీపుమీద తన్మయి గోటితో గీసిన ఈకల్లో సగం ఊడివచ్చాయి.

"నిదానం," అన్నాడు బావ.

తరవాత నిదానంగానే తీశాను. రెక్కలు వచ్చాయి. తల వచ్చింది. తోక దగ్గర నా పూత మందంగా ఉంది. అది తీస్తే వంకర తోక బయటపడింది. తోక అతికిన చోట రెండు వైపులా రెండు గుంటలున్నాయి. బొటనవేలు, చూపుడువేలు. గట్టిగా నొక్కి పట్టుకుని అతికింది. చర్మం గీతలు కూడా దిగాయి. ఆ రెండు గుంటల్లో ఉలి పెట్టలేదు. తడిగుడ్డతో నానబెట్టి తుడిచాను.

వదిన పిచ్చుకని ఇచ్చింది. దాని పూత కూడా తీశాను. గంటన్నర పట్టింది. ఎవరూ కూర్చోమని ఎవరికీ చెప్పలేదు.

"వెయ్యి," అన్నాను వాసంతితో.

దీపం వేసింది.

గది నేలంతా ఆకుపచ్చగా వెలిగింది. నేను గీకిన పొడి నా ఒళ్ళో ఉంది, బావ మోకాళ్ళమీద ఉంది, ఉలి అంచున ఉంది. నా పది వేళ్ళూ వెలిగాయి. మధ్యలో పీటమీద రెండు పిచ్చుకలు. రెండూ నల్లగా ఉన్నాయి. తన్మయి వేలిగుర్తులు ఎక్కడున్నాయో నాకు తెలుసు కనుక అక్కడ చూశాను. అక్కడ ఇంకా నల్లగా ఉంది. సాహితి వేళ్ళు నొక్కిన చోట్ల కూడా అంతే.

"ఇద్దరిదీ," అంది వాసంతి. తరవాత తనే, "రక్తం చూడకుండా గట్టిగా చెప్పకూడదు. కానీ ఇద్దరిదీ" అంది.

బావ దీపానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఆపమని కాబోలు. వాసంతి ఆపలేదు, వదిన ఇంకా చూస్తోంది.

వదిన వంగి, సాహితి చెయ్యి పట్టుకుని దీపం కిందికి లాగింది. ఆ చేతిమీద వెలుగేమీ లేదు. ఉండదు కూడా, అది పొడి ముట్టుకోలేదు. వదినకి ఆ సంగతి తెలియదు. చేతిని తిప్పి తిప్పి చూసింది.

"నగరానికి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?" అంది.

"అయిదుంపావుకి," అన్నాడు బావ.

"హైమా, నువ్వు కూడా రా. డాక్టరుకి చెప్పడం నాకు రాదు."

సాహితికి రాగి జబ్బే. కాలేయం అప్పుడప్పుడే చెడుతోంది, ఇప్పటికైనా తెచ్చారు అన్నారు. మాత్రలు రాశారు. అవి జీవితాంతం వేసుకోవాలి. చేతి వణుకు తగ్గడానికి ఆరు నెలలో ఏడాదో పడుతుందన్నారు. పూర్తిగా తగ్గకపోవచ్చని కూడా అన్నారు.

వాసంతివాళ్ళు మా వీధి పిల్లలందరికీ పరీక్షలు చేశారు. ఇంకొకరికి బయటపడింది. ఆరేళ్ళ పాప. వాళ్ళ రికార్డుకోసం నన్ను జరిగింది రాసిమ్మన్నారు. తేదీలతో రాసిచ్చాను. వెలగనివి రెండు, ఒకటి నా కూతురిది, నేను కప్పేశాను అని రాశాను. కింద నా పేరు, హోదా, బడి పేరు రాశాను. వాసంతి చదివి, "కప్పేశాను అనే మాట అక్కర్లేదక్కా" అంది. ఉంచమన్నాను.

బావ నాతో మాట్లాడుతున్నాడు. కూర బాగుందంటాడు, కరెంటు పోయిందంటాడు. మార్చి గురించి మేమింకా మాట్లాడుకోలేదు.

సాహితి మాత్ర పరగడుపున వేసుకోవాలి. వేశాక గంటసేపు ఏమీ తినకూడదు. బడికి వెళ్ళే దారిలో వదిన ఇంట్లోకి వెళ్తాను. వదిన అప్పటికే కిటికీ దగ్గర రంగులు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. నా ఎదుట వేసుకోవాలన్నది ఎవరో పెట్టిన నియమం కాదు. నేను వెళ్తాను. సాహితి వేసుకుంటుంది.

నిన్న మాత్ర అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఏంటి, చేదా?" అంది వదిన.

"చేదు కాదు." నా వైపు చూసింది. "అత్తా, తన్మయి కూడా ఇది వేసుకుని ఉంటే ఉండేదా?"

"పొద్దున్నే ఏం మాటలే అవి," అంది వదిన. కుంచె కింద పెట్టేసింది. "నువ్వు చెప్పక్కర్లేదు హైమా."

చెప్పడానికి రకరకాల మాటలున్నాయి. డాక్టర్లకే తెలీదనవచ్చు. ఎవరికి ఎంత రాసిపెట్టి ఉందో అనవచ్చు. ఆ పిల్ల ముఖం చూస్తే ఏదో ఒక మాటతో సరిపెట్టుకునేట్టే ఉంది.

"ఉండేది," అన్నాను.

సాహితి కాసేపు నన్నే చూసింది. తరవాత మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నీళ్ళు తాగింది.